ఎంటెక్ పట్టా చేతికి రావాలంటే ఏమేం పూర్తి చేయాలి? ఉద్యోగం చేసుకుంటూ కుదురుతుందా?

మీరు అడిగింది ముందుగా రెండు ముక్కల్లో చెప్తా, తర్వాత వచ్చి చదివేవాళ్లకు కూడా తెలియాలి కదా. మీది పీలేరు వైపు. 2021లో సివిల్ బీటెక్ అయిపోయింది, 57 శాతం. ఇప్పుడు చిత్తూరులో సైట్ ఇంజనీరుగా చేస్తున్నారు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష పీజీఈసెట్‌లో ర్యాంకు వచ్చింది, తిరుపతిలో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ సీటు దొరికేలా ఉంది. ఎంటెక్ చేసి లెక్చరర్‌గా వెళ్లాలని ఆలోచన. డిగ్రీ రావాలంటే ఏమేం పూర్తి చేయాలి, రోజూ కాలేజీకి పోవాల్నా, థీసిస్ అంత కష్టమా అని అడిగారు. ఒక కాలేజీ వాళ్లు "ఫీజు కట్టండి, అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటాం" అన్నారట, దాన్ని నమ్మవచ్చా అని కూడా.

సూటిగా జవాబు: రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు, సాధారణంగా 68 క్రెడిట్లు. 75 శాతం హాజరు, ప్రతి సబ్జెక్టులో కనీసం 50 మార్కులు. ఆ పైన ఒక ప్రాజెక్టు, థీసిస్, వైవా. ఫుల్‌టైమ్ సీటులో చేరి ఫుల్‌టైమ్ ఉద్యోగం కూడా చేయడం నిబంధనల ప్రకారం కుదరదు. థీసిస్ తెలివితేటల వల్ల కష్టం కాదు, తేదీల వల్ల కష్టం. నేను చూసినంతలో పట్టా ఆగిపోయినవాళ్లలో ఎక్కువమంది పరీక్షల దగ్గర ఆగలేదు, ప్రాజెక్టు దగ్గర ఆగారు. అందుకే ఈ జవాబులో సగానికి పైగా దాని గురించే ఉంటుంది.

నేను తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పదిహేడేళ్లుగా సివిల్ చెప్తున్నా. అందులో ఎనిమిదేళ్లు ఎంటెక్ కోఆర్డినేటర్ పని కూడా నా నెత్తినే ఉండింది. అంటే అటెండెన్స్ షార్టేజీ అని ఏడ్చుకుంటూ వచ్చేవాళ్లు, వైవా డేటు కోసం తిరిగేవాళ్లు, నాలుగేళ్ల తర్వాత ఫోన్ చేసి "సార్, నేను గుర్తున్నానా" అనేవాళ్లు, అందరూ నా టేబుల్ దగ్గరికే వచ్చేవాళ్లు.

ముందు క్రెడిట్ల లెక్క. క్రెడిట్ అంటే ఒక్కో సబ్జెక్టుకు, పనికి ఇచ్చే బరువు. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2018లో పీజీ కోర్సులకు ఒక నమూనా పాఠ్యప్రణాళిక ఇచ్చింది. మన వైపు కాలేజీలు చాలావరకు ఆ అచ్చులోనే పోతాయి. మొదటి సెమిస్టర్ 18 క్రెడిట్లు, రెండోది 18. ఈ రెండింటిలో కోర్ సబ్జెక్టులు, ఎలక్టివ్‌లు, ల్యాబులు, రీసెర్చ్ మెథడాలజీ, మినీ ప్రాజెక్టు ఉంటాయి. మూడో సెమిస్టర్ 16, అందులో ఒక ఎలక్టివ్, ఒక ఓపెన్ ఎలక్టివ్ పోగా ప్రాజెక్టు మొదటి దశకే 10. నాలుగో సెమిస్టర్ మొత్తం 16 క్రెడిట్లూ ప్రాజెక్టు రెండో దశే. కూడితే 68లో 26 క్రెడిట్లు ఒక్క ప్రాజెక్టువి. ఈ ఒక్క అంకె చూస్తే చాలు, మీ టైము ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది. కానీ పిల్లలు మొదటి సంవత్సరం సబ్జెక్టులకు పడే టెన్షన్‌లో పదో వంతు కూడా దీనికి పడరు.

వీటితో పాటు ఆడిట్ కోర్సులని రెండు ఉంటాయి. రీసెర్చ్ పేపర్ రాయడానికి ఇంగ్లిష్, విపత్తు నిర్వహణ, రాజ్యాంగం, యోగా లాంటివాటిలో ఎంచుకోవచ్చు. క్రెడిట్లు సున్నా. సున్నాయే కదా అని వదిలేస్తారు. నా దగ్గర ఒక అబ్బాయికి 68 క్రెడిట్లూ వచ్చి, వైవా కూడా అయిపోయాక, ఆడిట్ కోర్సు పూర్తికాలేదని ఫైలు వెనక్కి వచ్చింది. క్రెడిట్ లేకపోయినా పాస్ కావాల్సిందే.

ఇక్కడే ఒక జాగ్రత్త. రెగ్యులేషన్ బ్యాచ్‌ను బట్టి మారుతుంది. ఆర్-17, ఆర్-21 అంటూ మీరు చేరిన సంవత్సరానికి వర్తించేది ఒకటి ఉంటుంది. అటానమస్ కాలేజీ అయితే వాళ్ల సొంత రెగ్యులేషన్ ఉంటుంది. ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీకి వాళ్లది వేరు, జేఎన్‌టీయూ అనంతపురం అనుబంధ కాలేజీలది వేరు, అమ్మాయిలకైతే పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, వాళ్లదీ వేరు. చేరిన మొదటి వారంలోనే ఆ రెగ్యులేషన్ పీడీఎఫ్ తీసుకుని ప్రింటు వేసుకోండి. ఇరవై పేజీలు కూడా ఉండదు. సీనియర్లు నోటితో చెప్పేది వాళ్ల బ్యాచ్‌ది, మీది కాదు.

ఏర్పేడులో ఉన్న ఐఐటీ తిరుపతి సంగతి కూడా కొందరు అడుగుతుంటారు. అక్కడికి పీజీఈసెట్ పనికిరాదు, గేట్ స్కోరు కావాలి, సీట్ల ఆఫర్లు ఐఐటీలకు ఉమ్మడిగా ఉన్న కోయాప్ పోర్టల్ ద్వారా వస్తాయి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. మీరు ఇప్పటికే పీజీఈసెట్ దారిలో ఉన్నారు కాబట్టి దాన్ని ఇక్కడ పొడిగించను. ఒక్క మాట మాత్రం: గేట్ క్వాలిఫై అయి ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో ఫుల్‌టైమ్ చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ 24 నెలల వరకు వస్తుంది. పీజీఈసెట్ ర్యాంకుకు అది రాదు. మీ సైట్ జీతం ఎంతో నాకు తెలియదు గానీ, జీతం వదులుకోవాలి అనేదే మీ అసలు భయమైతే, ఒక ఏడాది ఆగి గేట్ రాయడం కూడా ఆలోచించాల్సిన దారే.

ఇప్పుడు మార్కులు. జేఎన్‌టీయూ పద్ధతిలో థియరీ సబ్జెక్టుకు 100 మార్కులు, ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60 అనుకుందాం. ఎక్స్‌టర్నల్‌లో కనీసం 40 శాతం, అంటే 24 రావాలి. రెండూ కలిపి 50 రావాలి. బీటెక్‌లో 40కి పాసైన అలవాటుతో వస్తారు, ఇక్కడ 46 వచ్చి ఫెయిల్ అని చూసి నోరెళ్లబెడతారు. లెక్క చూడండి: ఇంటర్నల్‌లో 26 వస్తే ఎక్స్‌టర్నల్‌లో 24 చాలు. ఇంటర్నల్‌లో 18 మాత్రమే వస్తే ఎక్స్‌టర్నల్‌లో 32 తెచ్చుకోవాలి. ఒకసారి సెమిస్టర్ అయిపోయాక ఆ 18 అలాగే గడ్డకట్టుకుపోతుంది, సప్లీ ఎన్నిసార్లు రాసినా అదే 18తో రాయాలి. అప్పుడు కొన్ని రెగ్యులేషన్లలో ఆ సబ్జెక్టుకు మళ్లీ రిజిస్టర్ చేసుకుని ఇంటర్నల్స్ కూడా మొదటి నుంచి రాసే వీలుంది, కానీ దానికి క్లాసులకు మళ్లీ రావాలి.

మీ విషయంలో పాస్ కావడం ఒక్కటే సరిపోదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఏఐసీటీఈ పెట్టిన అర్హత ఏమంటే, బీటెక్, ఎంటెక్ రెండూ ఉండాలి, రెండింట్లో ఏదో ఒకదానిలో ఫస్ట్ క్లాస్ ఉండాలి. మీ బీటెక్ 57 శాతం. అంటే మీకు ఎంటెక్‌లో ఫస్ట్ క్లాస్ తప్పనిసరి. మీ క్లాస్‌మేటు 64 శాతంతో బీటెక్ చేసి ఉంటే వాడు ఎంటెక్ ఏదోలా గట్టెక్కినా నడుస్తుంది, మీకు నడవదు. సీజీపీఏ, అంటే మొత్తం గ్రేడ్ల సగటు, ఎంత ఉంటే ఫస్ట్ క్లాసో మీ రెగ్యులేషన్‌లో చివరి పేజీల్లో ఉంటుంది, అక్కడ ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోండి. 26 క్రెడిట్లున్న ప్రాజెక్టులో మంచి గ్రేడు వస్తే సీజీపీఏ ఎక్కడికో లేస్తుంది, లేకపోతే అక్కడే కూలబడుతుంది.

అటెండెన్స్ సంగతికి వద్దాం. 75 శాతం ఉండాలి. 65కు పైన, 75కు లోపు ఉంటే వైద్య కారణాలు చూపించి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే మినహాయింపు, తీసుకోవచ్చు. అది హక్కు కాదు, ఇస్తే ఇస్తారు. 65కు లోపు దిగిందంటే ఎవరూ ఏమీ చేయలేరు, ఆ సెమిస్టర్ డిటెయిన్, జూనియర్లతో మళ్లీ కూర్చోవాలి. సెమిస్టర్‌లో 90 పనిదినాలు అనుకుంటే మీరు మానుకోగలిగింది 22 రోజులు. వారానికి ఆరు రోజులు సైటులో ఉండే మనిషికి ఇది ఎలా కుదురుతుందో మీరే లెక్క వేసుకోండి.

"మేం చూసుకుంటాం" అనే మాట గురించి. చూసుకునే కాలేజీలు లేవని నేను అనను. ఉన్నాయి. కానీ వాళ్లు చూసుకునేది రిజిస్టరును, మిమ్మల్ని కాదు. ఇలాగే ఒక చోట చేరిన అబ్బాయి ఒకడు తర్వాత మా కాలేజీకి లెక్చరర్ ఇంటర్వ్యూకి వచ్చాడు. ఎంటెక్ చేసిన రెండేళ్లూ, బెంగళూరు కంపెనీలో ఫుల్‌టైమ్ పనిచేసిన రెండేళ్లూ ఒకటే. రెండు సర్టిఫికెట్లూ ఒకే ఫైలులో పెట్టుకుని వచ్చాడు పాపం. కమిటీలో ఒకాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తేదీలు చూపించారు. ఆ తర్వాత ప్రశ్నలేమీ అడగలేదు. మీరు వెళ్లాలనుకుంటున్నది టీచింగ్‌కే కాబట్టి ఈ చిక్కు మీకు తప్పకుండా ఎదురవుతుంది.

ఉద్యోగం వదలడం అసలు కుదరదంటే పార్ట్‌టైమ్ ఎంటెక్ చూడండి. దానికి ఆ కాలేజీకి ఆ కోర్సులో ఏఐసీటీఈ అనుమతి ఉండాలి, మీ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, కావాలి, వ్యవధి ఎక్కువ. డిస్టెన్స్‌లో ఎంటెక్ అని ఎవరైనా చెప్తే మాత్రం ఆ ఫోను పెట్టేయండి. ఇంజనీరింగ్ డిగ్రీలు దూరవిద్యలో ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు. ఏఐసీటీఈ అనుమతి లేకుండా అలా ఇచ్చిన డిగ్రీల మీద సుప్రీంకోర్టు 2017 నవంబరులో గట్టి తీర్పే ఇచ్చింది.

ఇంక ప్రాజెక్టు.

కాగితం మీద దాని దారి ఇలా ఉంటుంది. మూడో సెమిస్టర్ మొదట్లో గైడును కేటాయిస్తారు. మీరు టాపిక్ తయారుచేసుకుని ప్రాజెక్టు రివ్యూ కమిటీ ముందు, మేం పీఆర్‌సీ అంటాం, ప్రెజెంటేషన్ ఇవ్వాలి. హెచ్‌ఓడీ, గైడు, ఇద్దరు సీనియర్లు కూర్చుంటారు. వాళ్లు ఒప్పుకున్న తేదీ మీ రిజిస్ట్రేషన్ తేదీ. ఆ రోజు నుంచి రెగ్యులేషన్‌లో రాసినన్ని వారాలు గడవందే థీసిస్ ఇవ్వడానికి వీల్లేదు. మధ్యలో రివ్యూలు. చివర్లో ప్రీ-సబ్మిషన్ సెమినార్, సిమిలారిటీ రిపోర్టు (మీ రాత వేరేవాళ్ల రాతతో ఎంత శాతం కలిసిందో చెప్పేది), చాలాచోట్ల ఒక పేపరు ప్రచురణ లేదా అంగీకార పత్రం. తర్వాత బయటి ఎగ్జామినర్‌తో వైవా. వైవా బాగా లేదని వాళ్లు రాస్తే మళ్లీ మూడు నెలల తర్వాతే.

ఒక సబ్జెక్టు మిగిలి ఉన్నా థీసిస్ తీసుకోరు. మొదటి సెమిస్టర్‌లో పోయిన ఫైనైట్ ఎలిమెంట్ సప్లీ ఒక్కటి మిగిలి, పూర్తయిన థీసిస్‌ను ఏడు నెలలు బీరువాలో పెట్టుకున్న అమ్మాయి మా దగ్గర ఉండింది. సప్లీ అనేది మీకు కావాల్సినప్పుడు రాసేది కాదు, యూనివర్సిటీ పెట్టినప్పుడు రాసేది.

మీది స్ట్రక్చరల్ కాబట్టి చాలామంది లాగా మీరూ కాంక్రీటు మీదే టాపిక్ తీసుకుంటారని అనుకుంటున్నా. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ కటింగ్ యూనిట్లు ఉన్నాయి, అక్కడ పారబోసే పొడి ఊరికే దొరుకుతుంది, దాన్ని సిమెంటులోనో ఇసుకలోనో కొంత శాతం కలిపి బలం చూస్తామంటారు. ఏటా ఇద్దరు ముగ్గురు ఇదే తెస్తారు. తప్పు లేదు, ఎంటెక్ స్థాయికి సరిపోయే పనే. కానీ టాపిక్ చెప్పగానే నేను అడిగే మొదటి ప్రశ్న సాహిత్య సమీక్ష గురించి కాదు. "ఎన్ని క్యూబులు?" అంటే బలం చూడడానికి పోసి, తర్వాత మిషనులో పగలగొట్టే కాంక్రీటు దిమ్మెలు.

లెక్క వేద్దాం. గ్రానైట్ పొడి 0, 5, 10, 15, 20 శాతం, అంటే ఐదు మిక్సులు. ఒక్కోదానికి 7, 28, 90 రోజుల బలం. ఒక్కో వయసుకు మూడు క్యూబులు. ఐదు మూళ్లు పదిహేను, మూడు పదిహేనులు 45. ఒక్కో 150 మిల్లీమీటర్ల క్యూబు 8 కిలోల పైనే తూగుతుంది, అంటే 360 కిలోలకు పైగా కాంక్రీటు మీరే కలిపి, మీరే కూరి, మీరే మోయాలి. ఇవి క్యూబులు మాత్రమే. స్ప్లిట్ టెన్సైల్‌కు (లాగుడు బలం) సిలిండర్లు, ఫ్లెక్సర్‌కు (వంపు బలం) బీములు దీనికి అదనం. ల్యాబులో మౌల్డులు, అంటే క్యూబులు పోసే అచ్చులు, పన్నెండే ఉంటే, వాటిలో మూడు పక్కింటి బీటెక్ బ్యాచ్ వాడుకుంటుంటే, 45 క్యూబులు వేయడానికి ఐదు విడతలు. ఒక విడత వేశాక 24 గంటలు ఆగి విప్పాలి, శుభ్రం చేసి నూనె రాసి మళ్లీ వేయాలి.

ఇప్పుడు రోజులు. మొదటి ట్రయల్ మిక్సు అనుకున్న బలం ఇస్తుందని ఎవరూ చెప్పలేరు. రెండు ట్రయళ్లు అనుకోండి, ఒక్కోదానికి 28 రోజులు, 56 అయింది. అసలు కాస్టింగ్‌కు 20 రోజులు. చివరి క్యూబు 90 రోజులు నిండేదాకా 90. ఫలితాలు, గ్రాఫులు, గైడు దిద్దడం 30. రాయడం, సిమిలారిటీ, బైండింగ్ 30. మొత్తం 226 రోజులు, ఏడున్నర నెలలు. ఇందులో మీకు జ్వరం రాలేదు, అక్క పెళ్లి లేదు, కరెంటు పోలేదు, మిషను రిపేరుకు పోలేదు. మూడు, నాలుగు సెమిస్టర్లు కలిపి చేతిలో ఉండేది పది నెలలకు అటూ ఇటూ. పీఆర్‌సీ అయిన రెండు నెలలకు "టాపిక్ మీద చదువుతున్నా సార్" అన్నారంటే అప్పటికే లెక్క తప్పినట్టు.

పుత్తూరు నుంచి రోజూ వచ్చే ఒకబ్బాయి ఉండేవాడు, పని రాక్షసుడు. కాస్టింగ్ అంతా మూడు వారాల్లో చేసేశాడు. 28 రోజులకు మూడు క్యూబులు పగలగొడితే బలం 38, 37, 27. కాంక్రీటుకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఒక్కో క్యూబు సగటుకు 15 శాతం కంటే దూరం పోకూడదు. సగటు 34, ఆ 27 ఎక్కడో కింద ఉంది. ఆ సెట్టు లెక్కలోకి రాదు. ఎందుకైందో తెలియక వాడు తల పట్టుకున్నాడు. నేను ఆ మౌల్డు తెచ్చి మూలమట్టం పెట్టి చూశా. బోల్టు వదులై ఒక పక్క చిన్న సందు. క్యూబు పక్క ముఖం సమానంగా లేదు, మిషను ప్లేటు ఒక అంచు మీదే ఒత్తింది. కంటికి కనపడని ఆ సందు వాడికి ఇంకో 28 రోజులు ఖర్చు పెట్టించింది. ఆ రోజు నుంచి మా ల్యాబులో కాస్టింగ్‌కు ముందు ప్రతి మౌల్డునూ మూలమట్టంతో చూడమని చెప్తా. మీరు సైటులో పనిచేసిన మనిషి, ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. నిజానికి మీ సైటు అనుభవం పనికొచ్చేది ఇక్కడే.

ఎండాకాలం గురించి కూడా. క్యూరింగ్ నీళ్లు, అంటే క్యూబులు నానబెట్టే నీళ్లు, 27 డిగ్రీలు, రెండు అటూ ఇటూ ఉండాలని ఐఎస్ 516 చెప్తుంది. మే నెలలో తిరుపతిలో మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లలో చెయ్యి పెట్టలేం. మధ్యాహ్నం రెండింటికి కాంక్రీటు కలిపితే స్లంపు, అంటే తడి కాంక్రీటు జారే గుణం, కళ్లముందే పడిపోతుంది. మా వాళ్లను ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడుకే రమ్మంటా. ఎలాగూ కాలేజీ బస్సు ఎనిమిదిన్నరకు గానీ రాదు కాబట్టి ముందు గొణుగుతారు, తర్వాత అలవాటు పడతారు.

నా సొంత ఎంటెక్‌లో నేను చేసింది కూడా చెప్పేస్తా. 90 రోజుల క్యూబులు అక్టోబరు 17న వేశా. 90 రోజులు ఎప్పటికి నిండుతాయో లెక్క పెట్టలేదు. జనవరి 15. సంక్రాంతి. ల్యాబుకు తాళం, తాళంచెవి ల్యాబ్ అసిస్టెంటు దగ్గర, ఆయన వాళ్ల ఊరిలో. నాలుగు రోజుల తర్వాత పగలగొట్టి 90 రోజులని రాసేశా. మా గైడు రిజిస్టరు తీసి తేదీలు చూసి, ఏమీ అనకుండా 90ని కొట్టేసి 94 అని రాశారు. వైవాలో ఎక్స్‌టర్నల్ అదే అడిగారు, "94 ఎందుకు?" సంక్రాంతి అని చెప్పా. ఆయన నవ్వి పేజీ తిప్పేశారు. 90 అని ఉండి, పక్కన ల్యాబు రిజిస్టరు ఇంకోటి చెప్పి ఉంటే నవ్వేవారు కాదు.

కంప్యూటర్ మీద చేసే టాపిక్ అయితే ఈ బాధలుండవు అనుకోవద్దు. ఈటాబ్స్ సాఫ్ట్‌వేర్‌లో పది అంతస్తుల మోడల్ వేసి భూకంప జోన్లు మార్చి గ్రాఫులు గీసేయడం ఇప్పుడు బీటెక్ వాళ్లే చేస్తున్నారు. పీఆర్‌సీలో "ఇందులో కొత్త ఏముంది" అని అడిగితే జవాబు ఉండాలి.

రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మేవాళ్లు మీకు తప్పకుండా ఫోన్ చేస్తారు, నంబరు ఎలా దొరుకుతుందో దేవుడికెరుక. ఒకసారి వైవాలో ఎక్స్‌టర్నల్ ఒక అబ్బాయిని చాలా మెత్తగా అడిగారు: "నీ మిక్సులో స్లంపు ఎంతొచ్చింది నాయనా?" థీసిస్‌లో 41వ పేజీలో ఉంది ఆ అంకె. వాడు నా మొహం చూశాడు. నేను కిటికీ చూశా.

సిమిలారిటీ గురించి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. 10 శాతం దాకా ఇబ్బంది లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలలకు మించని గడువిచ్చి సరిచేసి తెమ్మంటారు. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సవరించి ఇవ్వడానికి కూడా వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మీ యూనివర్సిటీ లోపల ఎంత దాకా తీసుకుంటుందో రెగ్యులేషన్‌లో చూసుకోండి. మావాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది రెండో అధ్యాయంలో, అంటే వేరేవాళ్ల పేపర్ల సారాంశాలు రాసే చోట. అబ్‌స్ట్రాక్టును తెచ్చి అతికిస్తారు. పేపరు చదివి, మూసేసి, గుర్తున్నది మీ మాటల్లో రాయండి. ఇంగ్లిష్ రాదని భయపడి కాపీ కొట్టేవాళ్లే ఎక్కువ. ఇంగ్లిష్ తప్పులుంటే గైడు దిద్దుతాడు, 46 శాతాన్ని గైడు దిద్దలేడు.

పేపరు ప్రచురణ అడిగితే, డబ్బు కట్టగానే మూడు రోజుల్లో అంగీకార పత్రం పంపే జర్నళ్ల జోలికి పోకండి. పాత సీనియర్లు "యూజీసీ కేర్ లిస్టులో ఉంటే చాలు" అంటారు, నమ్మదగిన జర్నళ్లంటూ పెట్టిన ఆ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఇప్పుడు ఏది ఒప్పుకుంటారో మీ కాలేజీ నిర్ణయం, గైడును రాతపూర్వకంగా అడగండి. దగ్గర్లో ఏదైనా మంచి కాన్ఫరెన్సులో చదివిన పేపరు ఎంటెక్‌కు చాలావరకు సరిపోతుంది.

మూడో సెమిస్టర్‌లో మిగిలే ఆ ఎలక్టివ్, ఓపెన్ ఎలక్టివ్ రెండూ కుదిరితే స్వయం-ఎన్‌పీటెల్‌లో, అంటే ఆన్‌లైన్ కోర్సులుగా, చేయండి. పన్నెండు వారాల కోర్సుకు 3 క్రెడిట్లు. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 వస్తే సర్టిఫికెట్ వస్తుంది. ముందుగా డిపార్ట్‌మెంట్ ఆమోదం తీసుకోండి, లేకపోతే సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికే. ఇలా చేస్తే ల్యాబులో ఉండడానికి పగలంతా మీ చేతిలో ఉంటుంది.

గడువు సంగతి. రెండేళ్ల కోర్సు, నాలుగేళ్ల లోపు ఎలాగైనా ముగించాలి. దాటితే సీటు పోతుంది, క్రెడిట్లు కూడా పోతాయి. మూడో సెమిస్టర్ అవగానే బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని వెళ్లి, "శని ఆదివారాలు వచ్చి థీసిస్ చేస్తా సార్" అన్నవాళ్లలో నాకు తెలిసి చేసినవాడు ఒక్కడే. వాడి భార్య టైపు చేసింది. మరోవైపు పలమనేరు నుంచి వచ్చే ఒకామెకు మధ్యలో పెళ్లయింది, పాప పుట్టింది, నాలుగో ఏడు చివర్లో గడువుకు ఇరవై రోజుల ముందు వైవా ఇచ్చింది. పాపను మా ల్యాబ్ అసిస్టెంటు ఎత్తుకుని వరండాలో తిరుగుతున్నాడు. లోపలి నుంచి ఆమె గొంతు గట్టిగా వినిపిస్తోంది, ఎక్స్‌టర్నల్‌తో వాదిస్తోంది. ఆమెకు ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు, ఎందుకంటే ప్రతి క్యూబూ ఆమే మోసింది.

కాబట్టి తమ్ముడూ, ఉద్యోగం వదలగలిగితేనే ఫుల్‌టైమ్‌లో చేరండి. చేరితే రెండో సెమిస్టర్‌లోనే గైడు కావాలనుకున్న మనిషి దగ్గరికి వెళ్లి కూర్చోండి, మినీ ప్రాజెక్టును అసలు ప్రాజెక్టుకు ట్రయల్‌గా వాడుకోండి. అప్పుడు ఆ 56 రోజులు మొదటి సంవత్సరంలోనే అయిపోతాయి.

పీలేరు నుంచి రోజూ భాకరాపేట ఘాట్ ఎక్కి దిగడం మొదటి ఏడాది వరకు ఫరవాలేదు, కాస్టింగ్ రోజుల్లో తిరుపతిలో రూము ఉండాల్సిందే.

ఆప్షన్లు పెట్టే ముందు ఒకసారి కాలేజీకి స్వయంగా వెళ్లండి. ఫీజు, బస్సు, హాస్టల్ గురించి వాళ్లే చెప్తారు, అవి అడగక్కర్లేదు. మీరు అడగాల్సింది: పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందికి వైవా అయింది, చివరి వైవా ఎప్పుడు జరిగింది. తర్వాత కాంక్రీటు ల్యాబు చూపించమనండి. మౌల్డులు లెక్కపెట్టండి. క్యూరింగ్ తొట్టి మూత ఎత్తి, అడుగున క్యూబులున్నాయో, ఎండిపోయిన ఆకులున్నాయో చూడండి.